ఒకే పేరు, వేరువేరు సంబంధాలు: క్యాన్సర్ ఆస్పత్రి బోర్డు నుంచి సినిమా టైటిల్ దాకా

హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆస్పత్రి వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ అవే ప్రశ్నలు మళ్లీ మొదలవుతాయి. అది ఎన్టీఆర్ కుటుంబం సొంత ఆస్తా? బాలకృష్ణ చైర్మన్ అంటున్నారు, మరి వైద్యం సంగతి ఎవరు చూస్తారు? 2025లో అమరావతి ప్రాంతంలో కొత్త ప్రాంగణానికి శంకుస్థాపన జరిగినప్పుడూ ఇదే చర్చ నడిచింది. ఇంకోపక్క పాత సినిమాల గురించి మాట్లాడుకునేచోట మరో రకం ప్రశ్న వినిపిస్తుంటుంది: ‘చివరకు మిగిలేది’ సినిమా బుచ్చిబాబు నవలేనా? ‘మా భూమి’ సినిమా ఆ నాటకమేనా?

పైకి ఈ రెంటికీ పొంతన లేదు. చిక్కు మాత్రం ఒకటే. పేరు కనబడగానే సంబంధం కూడా తెలిసిపోయిందనుకుంటాం. పోయినవాళ్ల జ్ఞాపకంగా పేరు పెడతారు, మొక్కుకుని పెడతారు, అభిమానంతో పెడతారు, వినడానికి బాగుందని పెడతారు. ఎవరు నడుపుతున్నారో, ఎవరు రాశారో పేరును బట్టి తేలదు. దాన్ని విడిగా కనుక్కోవాలి. సినిమా విషయంలో పొరబడితే పోయేది పెద్దగా లేదు. ఆస్పత్రి విషయంలో పొరబడితే రోగి తిరగాల్సిన దారే మారిపోతుంది. అందుకే ముందు ఆస్పత్రి సంగతి.

బసవతారకం: పేరు ఎవరిది, ఆస్పత్రి ఎవరిది

బసవతారకం నందమూరి తారక రామారావు భార్య. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లోనే, 1985లో, క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆమె జ్ఞాపకంగా పేదలకు అందుబాటులో ఉండే క్యాన్సర్ ఆస్పత్రి కట్టాలన్నది ఎన్టీఆర్ సంకల్పం. అమెరికాలో స్థిరపడిన తెలుగు డాక్టర్లు, దాతలు చేయి కలిపారు. పేరులో ‘ఇండో అమెరికన్’ అని ఉన్నది అందుకే. అది చూసి అమెరికా ఆస్పత్రి శాఖ అనుకునేవాళ్లున్నారు గానీ అలాంటిదేమీ లేదు. ఎన్టీఆర్ 1996 జనవరిలో పోయారు, ఆస్పత్రి తలుపులు తెరిచింది 2000 జూన్‌లో. అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు.

ఇది లాభాపేక్ష లేకుండా ట్రస్టు పద్ధతిలో నడిచే సంస్థ. ట్రస్టు అంటే ఏమిటో ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఒక ప్రజాప్రయోజనం కోసం ఆస్తిని విడిగా పెట్టి, దాన్ని కాపాడే బాధ్యత కొందరికి అప్పగిస్తే ఆ ఏర్పాటు ధార్మిక ట్రస్టు. బాధ్యత తీసుకున్నవాళ్లు ధర్మకర్తలు. గుళ్లకు ధర్మకర్తలుండటం మనకు కొత్త కాదు కదా, ఇదీ ఆ కోవదే. ధర్మకర్త ఆస్తిని చూసుకుంటాడు, దాని మీద వచ్చింది పంచుకోలేడు. మిగులు ఉంటే మళ్లీ ఆస్పత్రికే పెట్టాలి. కాబట్టి కుటుంబంలో ఒకరు చైర్మన్‌గా ఉన్నంత మాత్రాన ఆస్పత్రి ఆ కుటుంబపు వారసత్వ ఆస్తి అయిపోదు.

నందమూరి బాలకృష్ణ ఇప్పుడు ఆ ధర్మకర్తల బోర్డుకు చైర్మన్. ఆయన నటుడు, హిందూపురం ఎమ్మెల్యే. ఆయనకన్నా ముందు కోడెల శివప్రసాదరావు ఆ కుర్చీలో ఉన్నారు. కోడెల స్వయంగా సర్జన్, నరసరావుపేటలో పేరున్న డాక్టర్, ఆ తర్వాత శాసనసభ స్పీకర్. ఒకే కుర్చీలో ఒకసారి డాక్టరు, ఇంకోసారి నటుడు కూర్చున్నారంటే ఆ పదవికి వైద్యపట్టా షరతు కాదని తేలిపోతోంది.

చైర్మన్ చేతిలో ఏముంటుంది, డాక్టరు చేతిలో ఏముంటుంది

ఒక ఉదాహరణ వేసుకుందాం. గుంటూరు జిల్లా నుంచి యాభై ఏళ్ల ఆవిడ రొమ్ములో గడ్డతో ఏదైనా పెద్ద క్యాన్సర్ ఆస్పత్రికి వచ్చిందనుకోండి. ఓపీలో డాక్టరు చూసి మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, రాస్తారు. గడ్డలోంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. క్యాన్సరే అని తేలితే అది ఏ రకమో, హార్మోన్ల మందులకు లొంగేదో కాదో ఇంకో పరీక్షలో చూస్తారు. ఆ రిపోర్టులన్నీ ట్యూమర్ బోర్డు ముందుకు వెళ్తాయి. ఆపరేషన్ చేసే సర్జికల్ ఆంకాలజిస్టు, కీమో ఇచ్చే మెడికల్ ఆంకాలజిస్టు, మనవాళ్లు ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్ చూసే డాక్టరు, ముక్క పరీక్ష చేసిన పాథాలజిస్టు, స్కానులు చదివే రేడియాలజిస్టు, అందరూ కూర్చుని మాట్లాడుకునే సమావేశం అది. ముందు కీమో ఇచ్చి గడ్డను చిన్నది చేశాక ఆపరేషనా, ముందే ఆపరేషనా అన్నది అక్కడ తేలుతుంది. పేరులో బోర్డు ఉన్నా దీనికీ ట్రస్టు బోర్డుకూ సంబంధం లేదు. ఇందులో చైర్మన్‌కు చోటు లేదు, ఉండకూడదు కూడా.

మరి ఆయనకు ఎక్కడ చోటు? కరెంటు పెట్టే కొత్త యంత్రం, లీనియర్ యాక్సిలరేటర్, కోట్ల రూపాయల వస్తువు. అది కొనాలా, ఎప్పుడు కొనాలి, డబ్బు ఎక్కడ నుంచి తేవాలి అన్నది ట్రస్టు బోర్డు నిర్ణయం. బీదవాళ్లకు ఎంత మేర రాయితీ ఇవ్వాలన్న విధానం, కొత్త శాఖ పెట్టడం, ప్రభుత్వంతో మాట్లాడి భూమి అడగడం, విరాళాలు తేవడం కూడా వాళ్ల పనులే. ఈ రెంటికీ మధ్యలో సీఈఓ రోజువారీ నిర్వహణ చూస్తారు. మెడికల్ డైరెక్టర్ లేదా మెడికల్ సూపరింటెండెంట్ వైద్య సేవల నాణ్యతకు జవాబుదారీ. వాళ్ల కింద ఒక్కో విభాగానికి ఒక్కో అధిపతి. ఆస్పత్రిని బట్టి పదవుల పేర్లు అటూ ఇటూ అవుతాయి గానీ అమరిక దాదాపు ఇదే.

ఈ ఆవిడకు బిల్లులో రాయితీ కావాలంటే ఆస్పత్రి సోషల్ వర్కర్ దగ్గరకో, పథకం కౌంటర్ దగ్గరకో వెళ్లాలి. కీమో ఆపేయమన్నారేమిటని అనుమానం వస్తే చికిత్స చేస్తున్న డాక్టరును అడగాలి, అక్కడ సమాధానం దొరకకపోతే మెడికల్ సూపరింటెండెంట్‌ను. తెలిసిన నాయకుడి చేత చైర్మన్ ఆఫీసుకు ఫోను చేయించడం కోసం రోజులకు రోజులు ఎదురుచూసే కుటుంబాలుంటాయి. ఆ రోజుల్లో జబ్బు ఆగదు.

పేరున్నవాళ్లు చైర్మన్‌గా ఉండటం మంచిదా

ఇక్కడ రెండు వాదనలున్నాయి, రెంటిలోనూ బరువుంది. ఒకటి: క్యాన్సర్ వైద్యం ఖరీదైనది. విరాళం లేకుండా ట్రస్టు ఆస్పత్రి నడవదు. ఊరూవాడా గుర్తుపట్టే మనిషి అడిగితే దాత చేయి ముందుకొస్తుంది, ప్రభుత్వంలో ఫైలు కదులుతుంది. తల్లి పేరున్న సంస్థ మీద కొడుక్కి ఉండే శ్రద్ధ జీతం తీసుకునే అధికారికి ఉండదని కూడా అంటారు. రెండోది: నాయకుడు ఒక పార్టీ మనిషైతే ఆస్పత్రి మంచిచెడ్డలు రాజకీయ గొడవలో కలిసిపోతాయి. అభిమాని పొగుడుతాడు, ప్రత్యర్థి తిడతాడు, ఆస్పత్రి పనితీరు గురించి అసలు మాట జరగదు.

చెన్నైలోని అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వేరే దారిలో నడిచింది. నెల్లూరు, చిత్తూరు వైపు వాళ్లకు అది చిరకాలంగా తెలిసిన ఆస్పత్రే. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి చొరవతో మొదలైంది. ఆమె కొడుకు, సర్జన్ కృష్ణమూర్తి దాన్ని నిలబెట్టారు. 1955లో చేరిన డాక్టర్ శాంత డైరెక్టరై, చైర్మన్ అయ్యి, 2021 జనవరిలో కన్నుమూసేదాకా అక్కడే గడిపారు. అక్కడ వైద్యమూ నాయకత్వమూ ఒకే మనిషిలో కలిశాయి. అలాంటి మనిషి ప్రతి తరంలోనూ దొరకరు. నా మట్టుకు నాకు చైర్మన్ డాక్టరా కాదా అన్నదానికంటే ట్యూమర్ బోర్డు నిర్ణయంలో బయటివాళ్ల చేయి పడకుండా ఉందా, రాయితీ లెక్కలు బయటకు కనిపిస్తున్నాయా అన్నవే ముఖ్యం అనిపిస్తుంది.

టాటా పేరున్నవి, హోమీ భాభా పేరున్నవి

పేరుకూ నిర్వహణకూ ఎంత దూరం ఉండొచ్చో చూడాలంటే ముంబైలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి చూడాలి. 1941లో టాటాల ట్రస్టు దాన్ని ప్రారంభించింది. 1957లో కేంద్ర ఆరోగ్యశాఖ తీసుకుంది. 1962లో అణుశక్తి శాఖ కిందికి వెళ్లింది. క్యాన్సర్ వైద్యంలో రేడియేషన్ పాత్ర ఎంతో ఉందని గుర్తించడం వల్ల అలా జరిగింది. ఈనాటికీ అది కేంద్ర ప్రభుత్వ సంస్థే, టాటా కంపెనీల ఆస్పత్రి కాదు.

విశాఖపట్నం అగనంపూడిలో ఉన్న హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఈ టాటా మెమోరియల్ సెంటర్ కుటుంబంలోదే. పేరులో టాటా లేదు, నడిపేది మాత్రం ఆ సంస్థే. ఇదే హోమీ భాభా పేరుతో వారణాసిలోనూ, పంజాబ్‌లోని సంగ్రూర్‌లోనూ ఆస్పత్రులున్నాయి. ఇంటర్నెట్‌లో ఫోన్ నంబరు వెతికేటప్పుడు ఊరి పేరు కూడా కొట్టకపోతే వారణాసి నంబరు చేతికి వస్తుంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర స్వామి పేరుతో ఉన్న క్యాన్సర్ సంస్థ, అందరూ ‘స్వీకార్’ అనేది, టాటా ట్రస్టుల చొరవతో వచ్చింది. అంటే తిరుపతిది టాటా ట్రస్టుల వైపుది, విశాఖది అణుశక్తి శాఖ వైపుది. జనం నోట రెండూ ‘టాటా క్యాన్సర్ ఆస్పత్రి’ అయిపోతుంటాయి. ఒకచోటి రిఫరల్ కాగితం ఇంకోచోట చెల్లుతుందని అనుకోకూడదు.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎమ్మెన్జే క్యాన్సర్ ఆస్పత్రిది మరీ సాదా సంగతి. మెహదీ నవాజ్ జంగ్ పేరు పెట్టారు. ఆయన హైదరాబాద్ రాష్ట్ర మంత్రిగా చేసి, తర్వాత గుజరాత్ తొలి గవర్నర్ అయినవారు. ఆస్పత్రి పూర్తిగా ప్రభుత్వానిది, డైరెక్టర్‌ను ప్రభుత్వమే నియమిస్తుంది.

దీనికి తిరగబడ్డ చిక్కు కూడా ఉంది: వస్తువు ఒకటే, పేర్లు మారుతుంటాయి. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం ఎన్టీఆర్ పేరుతో ఉండేది, 2022లో వైఎస్సార్ పేరుకు మారింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకు వచ్చింది. అక్కాచెల్లెళ్లిద్దరు ఒకే కాలేజీలో చదివి రెండేళ్ల తేడాతో బయటకొస్తే పట్టాల మీద వేరే పేర్లుండొచ్చు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, తిరిగి ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. పేరు మారిందని పథకం పోయిందనుకుని చికిత్స వాయిదా వేసుకోవద్దు. కౌంటర్లో అడగాల్సింది తన జబ్బుకు పథకం కింద చికిత్స ప్యాకేజీ ఉందా, ఆ ఆస్పత్రి పథకం జాబితాలో ఉందా అన్నది.

ముగ్గురు తారక రామారావులు, ఇద్దరు రాజనాలలు

మనుషుల పేర్ల దగ్గర తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది, ఇంటిపేరు. నందమూరి తారక రామారావు అనగానే తాత గుర్తొస్తారు. హరికృష్ణ కొడుకు పేరు కూడా అక్షరం తేడా లేకుండా అదే. ఇంటిపేరు సైతం ఒకటే కావడంతో ఇక్కడ ఇంటిపేరు ఉపాయం పనిచేయదు, అందుకే ‘జూనియర్’ వచ్చి చేరింది. మూడో ఆయన కల్వకుంట్ల తారక రామారావు, కేటీఆర్. ఎన్టీఆర్ మీద అభిమానంతో కేసీఆర్ కొడుక్కి ఆ పేరు పెట్టుకున్నారు. తాత పేరు మనవడికి వస్తే వంశం, నాయకుడి పేరు అభిమాని కొడుక్కి వస్తే అభిమానం. పేరు ఒకటే, అది వచ్చిన దారులు రెండు.

ఇంటిపేరే చిక్కు తెచ్చిన సందర్భమూ ఉంది. పాత సినిమాల్లో ‘రాజనాల’ అంటే అందరికీ రాజనాల కాళేశ్వరరావే. ఆయనకన్నా ముందు ఇంకో రాజనాల, ఆర్. నాగేశ్వరరావు, ప్రతినాయకుడిగా పేరు తెచ్చుకున్నారు. 1955 నాటి ‘దొంగరాముడు’లో హీరో అక్కినేని నాగేశ్వరరావు, విలన్ రాజనాల నాగేశ్వరరావు. ఆ ఒక్క సినిమా సమాచారంలోనే ఒకరితో పేరు, ఇంకొకరితో ఇంటిపేరు కలిసిపోయి, ఫొటోల కింద పేర్లు తారుమారవుతుంటాయి.

ఒకే టైటిల్, నాలుగు సినిమాలు

బాలకృష్ణ తన తండ్రి పాత్రను తానే వేసిన జీవితకథ 2019లో రెండు భాగాలుగా వచ్చింది. అందులో బసవతారకంగా విద్యాబాలన్ కనిపించారు. మొదటి భాగం ‘కథానాయకుడు’. అదే పేరుతో 1969లో ఎన్టీఆర్ స్వయంగా నటించిన సినిమా ఉంది. 1984లో బాలకృష్ణదే ఇంకొకటి ఉంది. 2008లో రజనీకాంత్, జగపతిబాబులది మరొకటి. నాలుగింటి కథలకూ ఒకదానితో ఒకటికి సంబంధం లేదు.

సినిమాకు సినిమాకు మధ్య ఇలా ఉంటే, పుస్తకానికి సినిమాకు మధ్య ఇంకా మెలికలున్నాయి. 1953 ‘దేవదాసు’ శరత్‌చంద్రుడి బెంగాలీ నవలకు తెర రూపం. పేరూ అదే, కథా అదే. 1974లో కృష్ణ నటించిందీ ఆ కథే. 2006లో వచ్చిన ‘దేవదాసు’ మాత్రం సొంత కథ. 2018 నాటి ‘దేవదాస్’లో దేవ ఒకడు, దాస్ ఇంకొకడు, ఆ దాస్ డాక్టరు.

‘గీతాంజలి’ అయితే చెప్పనే అక్కర్లేదు. ఠాగూర్ కవితా సంపుటి పేరు అది. 1989లో వచ్చిన తెలుగు సినిమాలో హీరోకు క్యాన్సర్, గీతాంజలి అన్నది హీరోయిన్ పేరు. రెంటికీ పేరు తప్ప చుట్టరికం లేదు.

‘చివరకు మిగిలేది’: పేరు ఒకరిది, కథ ఇంకొకరిది

బుచ్చిబాబు నవల 1940ల నాటిది. అందులో నాయకుడు దయానిధి, వైద్యం చదివినవాడు, తల్లి గురించి లోకం అన్న మాటలు జీవితమంతా మోసినవాడు. 1960లో గుత్తా రామినీడు దర్శకత్వంలో ఇదే పేరుతో సినిమా వచ్చింది. అందులో సావిత్రి మానసిక చికిత్సాలయంలో నర్సు. రోగిని బాగుచేయడానికి ప్రేమను నటించబోయి నిజంగానే ప్రేమించి, చివరికి తన మతి చెదరగొట్టుకుంటుంది. దీనికి మూలం బెంగాలీ రచయిత ఆశుతోష్ ముఖర్జీ కథ. అదే కథతో 1959లో సుచిత్రా సేన్ బెంగాలీ సినిమా, 1969లో వహీదా రెహమాన్ హిందీ ‘ఖామోషీ’ వచ్చాయి.

నవలలో డాక్టరు, సినిమాలో నర్సు. పేరు ఒకటే. ఇక పొరబడకుండా ఉండటం కష్టం. ఈ సినిమాను బుచ్చిబాబు నవల ఖాతాలో వేసేవాళ్లు తారసపడుతూనే ఉంటారు. దానివల్ల ఇద్దరు రచయితలకు అన్యాయం: ఒకరికి తాను రాయని కథ అంటగట్టినట్టు, ఇంకొకరికి తాను రాసింది దక్కనట్టు.

‘మా భూమి’ది కూడా ఇదే తరహా. తెలంగాణ పోరాటం మీద సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకం 1940లలో ఊళ్లూళ్లూ ఆడింది. గౌతం ఘోష్ సినిమా ‘మా భూమి’కి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. మూడింటి వెనకా ఉన్న పోరాటం ఒకటే. అందుకని సినిమా నాటకానికి తెర రూపం అయిపోదు.

పేరు మారినా కథ అదే అయినవి వేరే ఉన్నాయి. ‘డాక్టర్ చక్రవర్తి’ కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ నవల. ‘ఛాలెంజ్’ యండమూరి ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’. ‘సితార’ వంశీ స్వయంగా రాసిన ‘మహల్లో కోకిల’. టైటిల్ చూసి వీటి మూలాన్ని ఎవరూ పట్టలేరు, తెర మీద ‘మూలకథ’ అని పడే పేరు చదవాలి.

చట్టం పేరును కాపాడదు, కథను కాపాడుతుంది

టైటిల్ ఎవరైనా వాడుకోవచ్చా? 1957 కాపీరైట్ చట్టం రచనకు రక్షణ ఇస్తుంది. ఉత్త టైటిల్ మీద కాపీరైట్ ఉండదని ‘దేశీ బాయ్స్’ సినిమా పేరు మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2015లో స్పష్టంగా చెప్పింది. ఫిల్మ్ ఛాంబర్‌లో టైటిల్ రిజిస్టర్ చేయించుకోవడం పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. కథ విషయానికొస్తే రచయిత జీవితకాలం, పోయిన తర్వాత మరో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. లెక్క కట్టి చూద్దాం. బుచ్చిబాబు 1967లో పోయారు. మరుసటి ఏడు 1968 నుంచి 60 ఏళ్లు లెక్కపెడితే 2027 డిసెంబరు ఆఖరు. ఆలోపు ఆయన నవలను సినిమా తీయాలంటే హక్కుదార్ల అనుమతి కావాలి. ‘చివరకు మిగిలేది’ అన్న రెండు మాటలు టైటిల్‌గా పెట్టుకోవడానికి కాపీరైట్ అడ్డురాదు.

ఇదంతా సరే, మూలానికి ఎంత దగ్గరగా ఉంటే దాన్ని ‘ఆధారంగా’ అనాలి? ఇక్కడ చట్టం కూడా గీత గీసి ఇవ్వలేదు. ఆలోచనకు హక్కు లేదు, దాన్ని చెప్పిన తీరుకే హక్కు అని 1978లోనే సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. నిర్మాత ‘స్ఫూర్తి మాత్రమే’ అంటాడు, రచయిత ‘నా సన్నివేశాలే’ అంటాడు. నవల చదివినవాళ్లకు ప్రతి మార్పూ కోతలాగే కనిపిస్తుంది. రెండున్నర గంటల్లో చెప్పాలి కాబట్టి మార్చక తప్పదన్నది దర్శకుల మాట, అదీ నిజమే. మార్చే స్వేచ్ఛ దర్శకుడికి ఉండాల్సిందే, మూలరచయిత పేరు తీసేసే స్వేచ్ఛ మాత్రం ఉండకూడదు.

‘మిథునం’లో ఈ చిక్కులన్నీ ఒకేచోట దొరుకుతాయి. కథ రాసింది శ్రీరమణ. ఆ కథ నచ్చి బాపు దాన్ని మొత్తం తన దస్తూరీతో రాశారు. బాపు చేతిరాత కనబడగానే పక్కన ఉండాల్సిన రమణ ముళ్లపూడి వెంకటరమణే అనుకుని, కథ ఆయనదని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2000లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ ఆ కథను మలయాళంలో ‘ఒరు చెరు పుంచిరి’గా తీశారు. మలయాళంలో అప్పటికే ప్రియదర్శన్ తీసిన ‘మిథునం’ ఒకటుంది, 1993 నాటిది, దానికీ శ్రీరమణ కథకూ సంబంధం లేదు. తెలుగులో తనికెళ్ల భరణి ‘మిథునం’ 2012లో వచ్చింది. అందులో బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి ఇద్దరే కనిపిస్తారు, కథలో మనకు కథ చెప్పే మనిషి తెర మీద లేడు. కాబట్టి మలయాళంలో ‘మిథునం’ చూశానని ఎవరైనా అంటే, వాళ్లు చూసింది శ్రీరమణ కథలోని అప్పదాసును కాదు, మోహన్‌లాల్ నటించిన ఆ ప్రియదర్శన్ సినిమాను.